నాన్నగారికి ప్రోస్టేట్ 64 గ్రాములు, గుండెలో స్టెంట్ ఉంది. కోత లేని చికిత్సల్లో ఏది మేలు?

గౌతమి తీరం | జూన్ 4, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. నాన్నగారికి 71 ఏళ్ళు. నిరుడు అక్టోబరులో గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. ప్రోస్టేట్ బాధ అంతకు ముందు నుంచే ఉంది. రెండేళ్ళుగా రోజూ రాత్రి టామ్సులోసిన్ మాత్ర వేసుకుంటున్నారు.

ఆయన నోరు విప్పి ఏమీ చెప్పరు. మాకు తెలిసిందల్లా రాత్రిపూట బాత్రూము గడియ చప్పుడు. ఒక్కో రాత్రి ఐదుసార్లు వినిపిస్తుంది. సాయంత్రం ఐదు దాటితే మంచినీళ్ళు ముట్టరు. ఏ శుభకార్యానికి వెళ్ళినా బాత్రూము ఎటువైపు ఉందో ముందు చూసుకుని, దానికి దగ్గరగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటారు.

మే నెలలో పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికని విశాఖపట్నం బస్సులో బయలుదేరాం. జలుబు చేసిందని ముందురోజు మందుల దుకాణంలో ఏదో మాత్ర కొని వేసుకున్నారు. తుని దాటాక బస్సు ఆపించి దిగారు. పది నిమిషాలు నిలబడి వెనక్కి వచ్చారు, చుక్క పడలేదు. అనకాపల్లి చేరేసరికి పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది, చొక్కా చెమటతో తడిసిపోయింది. అక్కడే ఒక ఆసుపత్రిలో గొట్టం వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. పెళ్ళి చూడకుండానే మూత్రం సంచీ పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాం. ఆ ప్రయాణమంతా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉన్నారు.

ఐదు రోజుల తరువాత గొట్టం తీశారు. ఇప్పుడు మూత్రం వస్తోంది. స్కానింగులో గ్రంథి 64 గ్రాములు, వెళ్ళొచ్చాక లోపల మిగిలింది 160 మిల్లీలీటర్లు. ధార వేగం సెకనుకు 7 మిల్లీలీటర్లు. పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే రక్తపరీక్ష) 2.8, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష) 1.1.

ముగ్గురు డాక్టర్లకు చూపించాం. ఒకరు పాత పద్ధతిలో గీకి తీసేద్దామన్నారు. ఇంకొకరు లేజర్ అన్నారు. మూడో ఆయన ఆవిరి చికిత్స అన్నారు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు రక్తనాళం మూసే పద్ధతి ఒకటి ఉందట, మత్తు కూడా అక్కరలేదట అంటున్నాడు. నాలుగు మాటల మధ్య నాకు నిద్ర పట్టడం లేదు. చేయించుకున్నవారు, చేయించినవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

లెక్కల మాస్టారు, నరసరావుపేట | జూన్ 5, ఉదయం 6.15

అమ్మా, నాకు 2014లో ఆ పాత పద్ధతే చేశారు. టీయూఆర్‌పీ అంటారు. పేరుకే పాతది, కోత దానికీ ఉండదు. నడుముకు మత్తు సూది ఇచ్చి, మూత్రనాళం గుండానే పరికరం పంపి, అడ్డుపడిన కండను లోపలి నుంచి చిన్న చిన్న ముక్కలుగా చెక్కి తీస్తారు. గంటలో అయిపోయింది. తరువాత మూడు దారుల గొట్టం పెట్టి, పెద్ద పెద్ద సెలైన్ సంచులతో రెండు రోజులు లోపల కడుగుతూ ఉన్నారు. కింది సంచీలో నీరు ముందు దానిమ్మ రసంలా ఉంది, మర్నాటికి లేత గులాబీ రంగు, మూడో రోజుకు తేట. గొట్టం తీసేశాక వచ్చిన ధార చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నేళ్ళయిందో అలాంటి ధార చూసి.

ఒక్క తప్పు చేశాను. పదో రోజున బాగానే ఉన్నాను కదా అని నీళ్ళ బకెట్ ఎత్తాను. సాయంత్రానికి మళ్ళీ రక్తం, గడ్డలు అడ్డుపడి మళ్ళీ ఆసుపత్రి. లోపలి పుండు మానడానికి ఆరు వారాలు పడుతుందని ఇంటికి పంపేటప్పుడు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఆ పని చేసేవాడిని కాదు.

పదేళ్ళు దాటినా నాకు ఇబ్బంది లేదు. పేరున్న పద్ధతి ఉండగా కొత్తవాటి జోలికి ఎందుకన్నది నా అభిప్రాయం.

వార్డు సిస్టర్ | జూన్ 5, మధ్యాహ్నం 2.30

గౌతమి గారూ, నేను 26 ఏళ్ళు యూరాలజీ వార్డులో నర్సుగా చేసి విరమించాను. మీరు అంకెలన్నీ రాశారు కాబట్టి నాకు తెలిసింది వివరంగా చెబుతాను.

ముందు ఆ జలుబు మాత్ర సంగతి. ముక్కు దిబ్బడ తగ్గించే మందులు మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తాయి. తుమ్ములు ఆపే మందులు మూత్రాశయం తోసే బలాన్ని తగ్గిస్తాయి. చాలా జలుబు మాత్రల్లో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఇప్పటికే ఇరుకైన దారికి అవి తోడైతే ఏమవుతుందో మీరు అనకాపల్లిలో చూశారు. చలికాలంలో మా వార్డుకు ఇలా వచ్చిన పెద్దవాళ్ళు ఎందరో. ఇకముందు ఏ మాత్ర కొన్నా ప్రోస్టేట్ ఉందని దుకాణంలో చెప్పమనండి.

రెండోది. అందరూ గ్రంథి ఎన్ని గ్రాములని అడుగుతారు. మామూలుగా 20, 25 గ్రాములుండాలి కాబట్టి 64 అంటే భయమేస్తుంది. కానీ 100 గ్రాములున్నా హాయిగా వెళ్ళేవారిని చూశాను, 30 గ్రాములకే గొట్టంతో వచ్చినవారినీ చూశాను. మూత్రనాళం ఈ గ్రంథి నడిమధ్య నుంచి పోతుంది. గ్రంథి బయటికి పెరిగితే బాధ తక్కువ, లోపలికి పెరిగితే దారి నొక్కుకుపోతుంది. కొందరిలో మధ్య భాగం నాలుకలా మూత్రాశయంలోకి పొడుచుకొస్తుంది, వెళ్ళాలనుకున్నప్పుడల్లా అదే మూతలా అడ్డుపడుతుంది. మీ నాన్నగారికి ఆ మధ్య భాగం పెరిగిందా? స్కానింగ్ కాగితంలో ఉంటుంది, చూడండి. చికిత్స ఎంపిక సగం దాని మీదే ఆధారపడుతుంది.

అంతకంటే ముఖ్యం మూత్రాశయం. అది కండరాల సంచీ. దారి ఇరుకైనకొద్దీ ఎక్కువ బలంతో తోస్తూ గోడలు మందమవుతాయి, చివరికి అలసిపోయి సాగిపోతుంది. సాగిపోయిన తరువాత దారి ఎంత వెడల్పు చేసినా తోసే బలం తిరిగి రాకపోవచ్చు. గొట్టం తీశాక మీ నాన్నగారు సొంతంగా వెళ్ళగలుగుతున్నారంటే ఆయన మూత్రాశయంలో ఇంకా సత్తువ ఉందనే నా ఆశ.

డాక్టరు దగ్గర ఏడు ప్రశ్నల కాగితం ఉంటుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5, మొత్తం 35. ఏడు లోపైతే తేలిక, 8 నుంచి 19 ఓ మోస్తరు, 20 దాటితే తీవ్రం. అది నాన్నగారే పూర్తి చేయాలి, మీరు కాదు. నోరు విప్పని మగవాళ్ళు కూడా ఆ కాగితం మీద నిజం రాస్తారు. దానితో పాటు మూడు రోజులు కొలత గిన్నెలో మూత్రం కొలిచి, టైము, పరిమాణం ఒక పుస్తకంలో రాయించండి.

చివరగా, క్లోపిడోగ్రెల్ మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపవద్దు. స్టెంట్ వేసి ఎనిమిది నెలలే అయింది. గుండె డాక్టరు రాసిచ్చిన మాట లేకుండా ఎవరు ఆపమన్నా వినకండి.

మాంచెస్టర్ మామయ్య | జూన్ 5, రాత్రి 11.55

మీ తమ్ముడు చెప్పిన పద్ధతి నేను చేయించుకున్నాను, 2022లో, ఇంగ్లండులో. ఇక్కడ చికిత్సల మీద మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ దీనికి 2018లోనే ఆమోదం ఇచ్చింది. నాది 110 గ్రాములు.

ఇది చేసేది యూరాలజిస్ట్ కాదు, రేడియాలజీ డాక్టరు. తొడ మూలంలో (కొందరికి మణికట్టులో) తిమ్మిరి సూది ఇచ్చి, సన్నని తీగలాంటి గొట్టాన్ని రక్తనాళంలోంచి ప్రోస్టేట్‌కు రక్తమిచ్చే చిన్న నాళం దాకా నడిపిస్తారు. అక్కడ ఇసుక రేణువుల కంటే సన్నని పూసలు వదిలి ఆ నాళాన్ని మూస్తారు. ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి. రక్తం అందక గ్రంథి మెల్లగా కుంచించుకుపోతుంది. నేను మెలకువగానే ఉన్నాను, తెర మీద నా రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా కనబడుతుంటే చూస్తూ పడుకున్నాను. రెండున్నర గంటలు పట్టింది. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను.

దీని పుట్టుక నాకు ఆశ్చర్యం కలిగించింది. 2000లో అమెరికాలో ఒక పెద్దాయనకు ప్రోస్టేట్ నుంచి రక్తం ఆగకపోతే, ఆపడానికని నాళం మూశారు. తరువాత చూస్తే రక్తం ఆగడమే కాక గ్రంథి కూడా చిన్నదైంది. పదేళ్ళ తరువాత బ్రెజిల్‌లోని సావో పాలోలో కార్నెవాలే బృందం ఇదే పనిని గొట్టంతో ఉన్న ఇద్దరు రోగులకు చికిత్సగా చేసి ప్రచురించింది.

మొదటి వారం మంట, గంట గంటకూ వెళ్ళాలనిపించడం, కొంచెం జ్వరం. ఆరో వారానికి తేడా తెలిసింది. రాత్రి నాలుగుసార్లు లేచేవాడిని, ఇప్పుడు ఒక్కసారి. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి, మత్తు పడనివారికి ఇది పెద్ద ఊరట. మీ నాన్నగారికి ఇదే సరైనదని నా గట్టి నమ్మకం.

వార్డు సిస్టర్ | జూన్ 6, ఉదయం 9.05

మామయ్య గారి అనుభవం నిజమే. కానీ గౌతమి గారి నాన్నగారి విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. గుండె నాళాలు పూడినవారికి తుంటి లోపలి నాళాలు కూడా గట్టిపడి, వంకర్లు తిరిగి ఉండవచ్చు. అప్పుడు ఆ సన్నని గొట్టం చేరాల్సిన చోటికి చేరదు, ఒక వైపే మూయగలుగుతారు. ముందుగా సీటీ స్కాన్ తీసి నాళాల దారి చూడాలి. నాళాలు కనబడటానికి వాడే రంగు మందు మూత్రపిండాలకు భారం, ఆయన క్రియాటినిన్ 1.1 కాబట్టి ఇప్పటికి భయం లేదు. ఇంకోటి, ఫలితం వారాల మీద వస్తుంది, టీయూఆర్‌పీ లేదా లేజర్ తెరిచినంత దారి తెరవదు. కొందరికి కొన్నేళ్ళకు మళ్ళీ ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. ఇవన్నీ తెలిసి ఎంచుకుంటే మంచి పద్ధతే.

కాకతీయ | జూన్ 6, రాత్రి 9.20

నేను హనుమకొండ వాసిని, వయసు 54. నాకు ఆవిరి చికిత్స చేశారు, రెజూమ్ అంటారు. ఎందుకు ఎంచుకున్నానో దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. టీయూఆర్‌పీలోను లేజర్‌లోను మూత్రాశయం మెడ తెరుచుకుపోతుంది కాబట్టి, తరువాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళుతుంది. ప్రాణానికి ముప్పు లేదు, సుఖానుభవం ఉంటుంది, కానీ పిల్లలు కావాలనుకునేవారికి, మనసులో అది పట్టింపుగా ఉన్నవారికి పెద్ద విషయం. నాకు పట్టింపే. నా భార్యా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాకే డాక్టరుతో చెప్పాను. ఆవిరి చికిత్సలో ఆ ప్రమాదం చాలా తక్కువ.

పరికరం చివర ఒక సూది ఉంటుంది. అది గ్రంథిలోకి దిగి ఒక్కో చోట 9 సెకన్లు నీటి ఆవిరి వదులుతుంది. ఆ వేడికి కణాలు చనిపోతాయి. నాది 48 గ్రాములు, ఆరు చోట్ల ఇచ్చారు. పని మొత్తం పది నిమిషాలే.

కానీ ఆ తరువాత మూడు వారాలు నరకం. చనిపోయిన కండ వాచి, ముందుకంటే దారి ఇరుకైంది. గొట్టం ఐదు రోజులకు తీశారు, రెండో రోజే మళ్ళీ ఆగిపోయి, మళ్ళీ గొట్టం వేయించుకున్నాను. మంట, రక్తపు జీర, మూత్రంలో చిన్న చిన్న పొరలు. చేసిన చోట మాత్రం 'మర్నాడే ఆఫీసుకు వెళ్ళవచ్చు' అని పంపించారు. ముందే చెప్పి ఉంటే నెల సెలవు పెట్టుకునేవాడిని, చికిత్స చెడిందేమోనని రాత్రిళ్ళు కుమిలిపోయేవాడిని కాదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. మూడో నెలకు అంతా సర్దుకుంది. ధార 8 నుంచి 17కు వచ్చింది.

ఇది సాధారణంగా 30 నుంచి 80 గ్రాముల గ్రంథులకు. మధ్య భాగం పెరిగినా చేయవచ్చు.

విజయనగరం వేణువు | జూన్ 7, ఉదయం 7.40

ఇన్ని యంత్రాలెందుకు? మా ఊళ్ళో పల్లేరు కాయల కషాయం తాగి తగ్గినవారున్నారు. విదేశీ మూలిక మాత్రలు కూడా వస్తున్నాయి. ముందు అవి వాడి చూడండి.

వార్డు సిస్టర్ | జూన్ 7, ఉదయం 11.10

వేణువు గారూ, మీరు మంచి మనసుతో చెప్పారని తెలుసు. ఆ విదేశీ మూలిక, సా పామెట్టో, అమెరికాలో ఉత్తుత్తి మాత్రతో పోల్చి పరీక్షించారు. 2006లో ఒక అధ్యయనం వచ్చింది, 2011లో మూడింతల మోతాదు దాకా ఇచ్చి ఇంకొకటి వచ్చింది. రెండింటిలోనూ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగేమీ కనబడలేదు. రాత్రి ఒకటి రెండుసార్లు లేచేవారు ఏది వాడుకున్నా వారిష్టం. ఒకసారి పూర్తిగా ఆగిపోయి 900 మిల్లీలీటర్లు తీయించుకున్న మనిషి కషాయంతో నెలలు గడపడం మాత్రం నేను ఒప్పుకోలేను. అలా గడిపినవాళ్ళ మూత్రపిండాలు ఏమయ్యాయో నా చేతులతో చూశాను.

దక్కన్ రాయి | జూన్ 7, రాత్రి 8.45

సిస్టర్ గారి మాటకు మా నాన్నే సాక్ష్యం. కర్నూలు జిల్లాలో మా ఊరు. ఆయన ఆరేళ్ళు ఎవరికీ చెప్పలేదు. రాత్రి పక్క తడుస్తోందని అమ్మకు మాత్రమే తెలుసు, ఆవిడా చెప్పలేదు, తెల్లవారకముందే దుప్పటి ఉతికి ఆరేసేది. నొప్పి లేదు కాబట్టి రోగం లేదనుకున్నారు. కాళ్ళ వాపు వచ్చి ఆసుపత్రికి తీసుకెళితే క్రియాటినిన్ 6.4. రెండు మూత్రపిండాలూ ఉబ్బి ఉన్నాయి. గొట్టం వేస్తే రెండు లీటర్ల పైన వచ్చింది. పక్క తడవడానికి కారణం నిండిపోయిన సంచీ పొంగి కారడం.

ఆరు వారాలు గొట్టంతో ఉంచాక క్రియాటినిన్ 2కు దిగింది. తరువాత మంచి లేజర్ ఆపరేషన్ చేశారు, దారి చక్కగా తెరుచుకుంది. కానీ మూత్రాశయం తోయడం మానేసింది. ఇప్పుడు ఆయన రోజుకు నాలుగుసార్లు సన్నని గొట్టం తానే వేసుకుని ఖాళీ చేసుకుంటారు. 74 ఏళ్ళ వయసులో నేర్చుకున్నారు. మంచం పక్కన స్టీలు డబ్బాలో ఆ గొట్టాలు ఉంటాయి, ఊరు వెళితే డబ్బా కూడా వెళుతుంది.

గౌతమి గారూ, ఏ పద్ధతైనా సరే, త్వరగా తేల్చండి. మీ నాన్నగారికి షుగర్ ఉందా? ఉంటే ఆపరేషనుకు ముందు మూత్రాశయం ఒత్తిడి కొలిచే పరీక్ష, యూరోడైనమిక్స్, అడగండి. తప్పు దారిదా, సంచీదా అన్నది అది తేల్చి చెబుతుంది. మా నాన్నకు ముందే చేసి ఉంటే మేం అంత ఆశ పెట్టుకునేవాళ్ళం కాదు.

గౌతమి తీరం | జూన్ 8, ఉదయం 8.00

దక్కన్ రాయి గారూ, మీ అమ్మగారి దుప్పటి మాట చదివి ఏడ్చాను. మా అమ్మ కూడా ఏదో దాస్తోందేమోనని అడిగాను. లేదంది.

షుగర్ లేదు. మధ్య భాగం కొంచెం పెరిగిందని స్కానింగులో ఉంది.

నాన్నగారు సహకార బ్యాంకులో పద్దులు రాసి విరమించారు. సిస్టర్ గారు చెప్పినట్టు కొలత గిన్నె కొనిచ్చి పుస్తకం ఇస్తే మొదట విసుక్కున్నారు. రాత్రి చూస్తే గీతలు కొట్టి మూడు వరుసలు వేశారు: టైము, పరిమాణం, వివరం. 'రాత్రి 1.20, 90. రాత్రి 2.35, 70. ఆరంభానికి రెండు నిమిషములు.' పద్దు రాసే అదే గుండ్రటి చేతిరాత. రెండేళ్ళుగా నోటితో చెప్పనిదంతా ఆ పుస్తకంలో ఉంది. ఏడు ప్రశ్నల కాగితానికి 24 వచ్చింది.

డల్లాస్ తెలుగు | జూన్ 8, రాత్రి 10.15

యూరోలిఫ్ట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. కండను తీయరు, కాల్చరు. చిన్న లోహపు కొక్కేలను దారంతో బిగించి, గ్రంథిని రెండు వైపులకూ కర్టెనులా లాగి కట్టేస్తారు. వీర్యం సమస్య రాదు, రెండు మూడు రోజుల్లోనే మామూలు పనుల్లో పడ్డాను. కానీ అయిదేళ్ళ అధ్యయనంలో నూటికి పదమూడు, పద్నాలుగు మందికి మళ్ళీ చికిత్స చేయాల్సి వచ్చింది. నేను వారిలో ఒకడిని. మధ్య భాగం పెరిగిందన్నారు కాబట్టి మీ నాన్నగారికి ఇది అంతగా కుదరదనుకుంటాను.

కృష్ణ ఒడ్డు | జూన్ 9, సాయంత్రం 4.30

మా వారికి హోలెప్ అనే లేజర్ చికిత్స చేయించాం, విజయవాడలో. ఆయనకు 69 ఏళ్ళు, గ్రంథి 92 గ్రాములు. గుండెకు పాత స్టెంట్, ఆస్పిరిన్ ఆపకుండానే చేశారు.

మా డాక్టరు ఒక బత్తాయి పండు తెప్పించి మాకు అర్థమయ్యేలా చూపించారు. పాత పద్ధతిలో తొన ముక్కలు గోకినట్టు తీస్తారు. హోలెప్‌లో హోల్మియం లేజర్‌తో తొనలన్నీ తొక్క నుంచి విడదీసి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ ఇంకో పరికరంతో ముక్కలు చేసి పీల్చేస్తారు. తొక్క మాత్రం మిగులుతుంది. తొనలు మొత్తం పోతాయి కాబట్టి మళ్ళీ పెరిగే అవకాశం చాలా తక్కువ. లేజర్ వెళుతూనే రక్తనాళాలను మూస్తుంది. గ్రంథి ఎంత పెద్దదైనా చేయవచ్చు. 1990లలో న్యూజిలాండులో గిల్లింగ్ అనే డాక్టరు మొదలుపెట్టారట. నేర్చుకోవడం కష్టమైన పని, కాబట్టి 'మీరు ఎన్ని చేశారు' అని అడగడానికి మొహమాటపడవద్దని మా వదినగారు చెప్పారు. అడిగాను. ఆయన నొచ్చుకోలేదు.

మర్నాడే గొట్టం తీశారు. తరువాతి ఇబ్బంది నేను చెప్పాలి, మగవాళ్ళు చెప్పరు. దగ్గినా, లేచి నిలబడినా మూత్రం కారేది. ఏడు వారాలు ప్యాడ్లు వాడారు. మొదటిసారి ఆయన కోసం ప్యాడ్లు కొనడానికి నేనే వెళ్ళాను, ఆయన గదిలోంచి బయటికి రాలేదు. మూత్రం ఆపుకునే అడుగు కండరాలు బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయించాను. తొమ్మిదో వారానికి పూర్తిగా ఆగింది.

ఇంకో మేలు. తీసిన కండను బయాప్సీకి పంపుతారు. ఆవిరిలో, నాళం మూయడంలో కండ బయటికి రాదు కాబట్టి క్యాన్సర్ లేదని ముందే నిర్ధారించుకోవాలి.

లెక్కల మాస్టారు, నరసరావుపేట | జూన్ 9, రాత్రి 7.50

కృష్ణ ఒడ్డు గారు చెప్పాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. నాకు చేసినప్పుడు 40 గ్రాములే. రెండు రక్తం మందులు వాడే మనిషికి, 64 గ్రాములకు, నా అనుభవం సరిపోదు.

ఒక్క విషయం గుర్తొచ్చింది. టామ్సులోసిన్ వాడేవారు కంటి శుక్లం ఆపరేషనుకు వెళితే ఆ సంగతి కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆ మందు కంటిపాప కండరాన్ని వదులు చేస్తుందట, మధ్యలో పాప ముడుచుకుపోతుంది. మా తోటి ఉపాధ్యాయుడికి అలా అయింది. మందు మానేసినా దాని ప్రభావం ఉండవచ్చని ఆ డాక్టరు అన్నారు.

గౌతమి తీరం | జూన్ 19, రాత్రి 9.30

గుండె డాక్టరును, యూరాలజిస్ట్‌ను ఒకే వారంలో కలిశాం. నాన్నగారి పుస్తకం వెంట తీసుకెళ్ళాం. యూరాలజిస్ట్ గారు కాగితం కాగితం తిప్పి చూసి, 'ఇంత శుభ్రంగా ఎవరూ రాసుకురాలేదు' అన్నారు. నాన్నగారు ఆ మాటకు కొంచెం నవ్వారు. తరువాత ఆయనే అడిగారు: 'అయ్యా, రెండోసారి చేయించుకునే ఓపిక నాకు లేదు. ఒక్కసారితో పోయేది ఏదో చెప్పండి.' మేమెవరం అడగని ప్రశ్న అది. మేమంతా ఏది సులువు అని అడుగుతున్నాం, ఆయనకు కావలసింది వేరే.

డాక్టరుగారు హోలెప్ అన్నారు. గుండె డాక్టరు అక్టోబరుతో ఏడాది నిండాక క్లోపిడోగ్రెల్ ఆపి, ఆస్పిరిన్ కొనసాగిస్తూ చేయవచ్చని రాసిచ్చారు. అందాకా టామ్సులోసిన్‌తో పాటు గ్రంథిని కుదించే డ్యూటాస్టెరైడ్ ఇచ్చారు. ఈ మధ్యలో మళ్ళీ ఆగిపోతే మందులు ఆపకుండా నాళం మూసే పద్ధతికి వెళదామని, దానికి సీటీ కూడా ఇప్పుడే తీయించారు. మాంచెస్టర్ మామయ్య గారూ, మీరు రాసింది వృథా పోలేదు.

వార్డు సిస్టర్ | జూన్ 20, ఉదయం 6.50

మంచి నిర్ణయం. డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలు, ఏడాది వాడితే పీఎస్ఏ అంకె సగానికి పడిపోతుంది. ఆ తరువాత పరీక్షలో 1.4 వస్తే దాన్ని 2.8గానే లెక్కవేసుకోవాలి. 2.8 అని వస్తే సంతోషించవద్దు, డాక్టరుకు చూపించండి. పుస్తకం మొదటి పేజీలో ఈ మందు మొదలుపెట్టిన తేదీ రాయించండి. ఆపరేషను సమయం వచ్చేటప్పటికి ఆరోగ్యశ్రీ గానీ బీమా గానీ ఏ పద్ధతికి వర్తిస్తుందో ఆసుపత్రిలో ముందే కనుక్కోండి, అన్నిటికీ ఒకేలా ఉండదు.

గౌతమి తీరం | నవంబరు 11, ఉదయం 7.15

అందరికీ నమస్కారం. పోయిన బుధవారం హోలెప్ అయింది. రెండో రోజు గొట్టం తీశారు. కొంచెం కారుతోంది. కృష్ణ ఒడ్డు గారు ముందే చెప్పినందువల్ల ప్యాడ్లు సిద్ధంగా ఉంచాను, నాన్నగారికీ ముందే చెప్పాను, ఆయన కంగారుపడలేదు. ధార వేగం 19.

నిన్న రాత్రి ఒక్కసారే గడియ చప్పుడైంది. పొద్దున పుస్తకం తెరిచి చూశాను. 'రాత్రి 3.50, 310. ఆరంభము వెంటనే.' కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు, ఏడాది ఆఖరు లెక్క సరిపోయినప్పుడు గీసేవారు అలా.

వార్డు సిస్టర్ | నవంబరు 11, ఉదయం 9.40

చాలా సంతోషం తల్లీ. ఆరు వారాలు బకెట్ ఎత్తనివ్వకు, మాస్టారు గారి మాట గుర్తుందిగా. ముక్కి విరేచనానికి వెళ్ళకుండా చూడు, అరటిపండ్లు, మజ్జిగ ఇవ్వు. బయాప్సీ కాగితం రాగానే ఇక్కడ చెప్పు.